నలభై ఒకటో నంబరు చుక్క

పై ఇల్లు, మెట్ల వీధి
మార్చి 6

మేనకోడలికి మీ అత్త రాయించేది.

బాగున్నావా అని అడగను. అడిగితే నువ్వు తిరిగి అడుగుతావు. ఉత్తరం ఎందుకు, ఫోను చెయ్యొచ్చుగా అంటావు. ఆ ఫోను నేను ముట్టుకోను. బీరువాలో బట్టల అడుగున పడేశాను. పైగా ఫోనులో చెప్పింది గాలిలో కలిసిపోతుంది. ఇది కేసు. కేసు కాగితం మీద ఉండాలి. నాకు చదువు రాదు గనక పక్కింటి టైలరు రాస్తున్నాడు. నేను అన్నది అన్నట్టు రాయాలి, ఒక్క మాట కత్తిరించినా నీ కత్తెర లాక్కుంటానని చెప్పాను. (అది కూడా రాయమన్నారు, రాశాను. టైలరు.)

మీ మామయ్య పోయి ఐదు వారాలు. ఎలా పోయారో అందరికీ ఏడుస్తూ చెప్పాను. ఇప్పుడు ఏడవకుండా చెప్తాను, విను.

మధ్యాహ్నం భోజనమై కుర్చీలో కూర్చున్నారు. ఛాతీ మీద చెయ్యేసుకుని "ఊపిరి అందట్లేదే" అన్నారు. అంబులెన్సుకి ఫోను చేసి మెట్ల వీధి, నలభై ఒకటి అని చెప్పాను. ఏడు నిమిషాల్లో వస్తామన్నారు. వచ్చారు కూడా, లేనిపోనివి ఎందుకు అంటాను? ఏడు నిమిషాలకే సైరన్ వినపడింది. ఎక్కడ? కింద రోడ్డులో. మా మెట్లు ఎనభై రెండు. అన్నిటికన్నా అడుగున తాళం పడి ఉన్న పాత గోడౌను. పోయి పోయి దాని షట్టరు ముందు బండి ఆపుకున్నారు. "నలభై ఒకటి ముందే ఉన్నామమ్మా, తలుపు తియ్యండి" అని డ్రైవరు ఫోను. పై రోడ్డున రావయ్యా, అక్కడ దిగితే మా గడప ఐదడుగులు, అని గొంతు చించుకున్నాను. "మ్యాపులో ఇక్కడే చూపిస్తోందమ్మా" అంటాడు. వాళ్ళ కోసం మెట్ల మీదికి పరిగెత్తితే ఆయన ఒంటరి. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంటే వాళ్ళు కింద. చివరికి స్ట్రెచరు మోసుకుంటూ ఎనభై రెండూ ఎక్కి వచ్చారు, రొప్పుతూ. సైరన్ విన్న దగ్గర్నుంచి పంతొమ్మిది నిమిషాలు. గడియారం చూస్తూనే ఉన్నాను. అక్షరాలు రాకపోయినా అంకెలు వచ్చు నాకు.

ఆసుపత్రిలో డాక్టరు "ఒక్క పావుగంట ముందు తెచ్చి ఉంటే" అని ఆగిపోయాడు. ఆ మాట అక్కడే వేలాడుతోంది. దాన్ని పూర్తి చేసేవాడు కావాలి నాకు.

అంబులెన్సు వాళ్ళు చిరునామా ఇస్తే మ్యాపు మీద చుక్క పెట్టి ఇచ్చేది మీ ఆఫీసేనట. టైలరు కనుక్కొచ్చాడు. నా తమ్ముడి కూతురు అక్కడే కూర్చుని ఉద్యోగం చేస్తోంది, నా ఇంటి చుక్క గోడౌను ముందు ఉంది! ఎవరి చెయ్యి పెట్టింది దాన్ని అక్కడ? నాకు పేరు కావాలి. క్షమాపణ కాగితాలు పంపకు, పొయ్యి వెలిగించుకుంటాను వాటితో. పేరు కావాలి.

మీ అత్త


చిరునామాల విభాగం, నాలుగో అంతస్తు
మార్చి 19

అత్తా,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని రెండు రోజులు దాని చుట్టూ పని చేశాను. నాది సవరణల బల్ల. "మా ఇల్లు అక్కడ కాదు, ఇక్కడ" అని వచ్చేవన్నీ నా దగ్గరికే వస్తాయి. రోజుకి అరవై, డెబ్భై. నీది రాకూడదని కాదు, అలా రాకూడదు.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్తాను. మెషీన్‌కి ఏ ఇల్లూ తెలియదు. దానికి తెలిసింది మేం ఇచ్చిన జాబితాలే. వీధి గీత ఒక చోట నుంచి వస్తుంది, ఇంటి నంబర్లు ఇంకో చోట నుంచి వస్తాయి. చాలా ఇళ్ళని ఎవరూ వెళ్ళి చూడలేదు. అలాంటప్పుడు మెషీన్ వీధి పొడవుని నంబర్లతో సమానంగా పంచేస్తుంది. ఒకటి ఈ చివర, నలభై నాలుగు ఆ చివర అయితే, నలభై ఒకటి ఇక్కడెక్కడో ఉండాలి అని చుక్క పెడుతుంది. దాని పక్కన "అంచనా" అని గుర్తు వేస్తాం. ఎవరైనా వెళ్ళి కళ్ళారా చూసి పెట్టిన చుక్కకి "చూసినది" అని గుర్తు. కానీ చుక్క తీసుకునేవాళ్ళు ఆ గుర్తు కూడా తీసుకోవాలని లేదు. అంబులెన్సు తెర మీద చుక్క ఒక్కటే కనిపిస్తుంది. ఊహించినదీ చూసినదీ ఒకే రంగులో ఉంటాయి.

మీ ఇంటిది అంచనా చుక్కే అయి ఉంటుంది. అదే అయితే అందులో ఒక మనిషి చెయ్యంటూ లేదు అత్తా. ఆ చుక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే మూలాలు తీయమన్నాను, రావడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈలోగా చుక్కని సరైన చోటికి మార్చాలంటే నాకు ఒక ఫొటో కావాలి. మీ తలుపు, దాని మీద నంబరు ప్లేటు, రెండూ కనపడేట్టు.

మామయ్య గురించి ఏమీ రాయలేకపోతున్నాను. నన్ను సైకిలు ఎక్కించి వెనక పట్టుకున్నానని చెప్తూనే వదిలేసేవాడు. అదే గుర్తొస్తోంది.

నీ కోడలు


పై ఇల్లు
మార్చి 30

అమ్మాయీ,

అంచనానా? మనుషులు ఉండే ఇంటికి అంచనానా? టైలరు ఇక్కడ నా మాట రాస్తూనే నవ్వుతున్నాడు. అలా గుడ్డ పొడవుని సమానంగా పంచితే చొక్కాకి చేతులు ఎక్కడ వస్తాయో వాడికి తెలుసట. నవ్వితే నవ్వాడు గానీ సబబుగా అన్నాడు.

అయినా నాకు లెక్క కుదరలేదు. ఒకటి ఈ చివర, నలభై నాలుగు ఆ చివర అన్నావు, మా వీధిలో ఒకటి కింద, నలభై నాలుగు పైన. అలా పంచితే నలభై ఒకటి పైనే కదా రావాలి? గోడౌను దాకా ఎలా జారింది? బడి మొహం చూడని దాన్ని నాకే తోచింది, మీ నాలుగు అంతస్తుల్లో ఎవరికీ తోచలేదా? నీళ్ళు నమలకు. ఎవడో ఒకడు చేత్తో పెట్టాడు. వాడి పేరు పంపు.

ప్లేటు ఫొటో అడిగావు. ప్లేటు లేదు. ఎప్పుడో తుప్పు పట్టి ఊడిపోయింది. ప్లేటు లేకపోతే మాత్రం ఇల్లు ఎవరికి తెలియదు? ఈ వీధిలో నా గొంతు వింటే చాలు, ఎటు రావాలో అందరికీ తెలుస్తుంది. తలుపు ఫొటో ఒక్కటే పంపుతాను, తీసుకుంటే తీసుకోండి.

మీ చుక్క వల్ల పడ్డది ఆ ఒక్క రోజేనని అనుకోకు. ఏం తెప్పించినా కిందికే పోయేది. ఆయన మాత్రల పొట్లం నెల నెలా గోడౌను దగ్గరికి వచ్చేది. తెచ్చినవాడు అక్కడి నుంచి ఫోను చేసేవాడు, ఆయన చెప్పులు తొడుక్కుని "కింద ఉన్నాడట, తెచ్చుకొస్తా" అని బయల్దేరేవారు. ఎనభై రెండు దిగి, ఎనభై రెండు ఎక్కి. గుండెకి మాత్రలు తెచ్చుకోవడానికి! పైకి రమ్మని వాడికి చెప్పొచ్చుగా అంటే "పోనిద్దూ, పాపం వాడికెన్ని ఇళ్ళో" అనేవారు. నోట్లో నాలుక లేని మనిషి. ఉన్నదంతా నాకే ఇచ్చాడు దేవుడు.

కుర్చీ ఇంకా అక్కడే ఉంది. టైలరు కూర్చోబోతే కసిరాను. ఇప్పుడు నిలబడి రాస్తున్నాడు.

పేరు పంపు.

అత్త


చిరునామాల విభాగం
మే 4

అత్తా,

మూలాలు వచ్చాయి. నువ్వే కరెక్టు. నేను తప్పు చెప్పాను.

అది అంచనా చుక్క కాదు. మెషీన్‌ని తన లెక్కకి వదిలేసి ఉంటే చుక్క పై రోడ్డు పక్కన, మీ తలుపుకి పదిహేను అడుగుల్లో పడేది. వేసి చూశాను. కానీ ఏడేళ్ళ కిందట ఎవరో వచ్చి చూసి పెట్టిన చుక్క ఒకటి ఉంది. చూసినది దొరికితే మెషీన్ తన ఊహని పక్కన పడేస్తుంది. మనిషి కంటికి మా దగ్గర అంత విలువ.

పెట్టిన మనిషి పేరు లేదు. అప్పట్లో వేరే సంస్థ వాళ్ళు ఊరూరా మనుషుల్ని పంపి చేయించారు. ఆ సంస్థ మూతపడింది. దొరకడు అత్తా. దొరికినా, వాడు ఆ రోజు తనకి కనిపించింది రాసుకున్నాడు, అంతే. ఇక ఆ వెతుకులాట ఆపేద్దాం. చుక్క మార్చే పని నేను చూసుకుంటాను. నువ్వు వేళకి తిను. కుర్చీలో నువ్వే కూర్చో.

నీ కోడలు


(అదే కవరులో, మడిచి పెట్టిన చీటీ)

టైలరు గారికి,

ఇది మీకు మాత్రమే. దయచేసి అత్తకి చదివి వినిపించవద్దు. దీనితో ఉన్న ఫొటో ఆ చుక్కకి ఆధారంగా మా దగ్గర దాచినది. గోడౌను షట్టరు మీద ఉన్న నంబరు ప్లేటు చూడండి. అది ఇంకా అక్కడే ఉంటే ఎవరూ లేని వేళ తీసి అత్త తలుపుకి బిగించి, తలుపుతో సహా ఫొటో తీసి పంపండి. అడిగితే కొత్తది చేయించానని చెప్పండి. ఫొటో మాత్రం చించెయ్యండి. ఆవిడ దాన్ని చూడకూడదు.


పై ఇల్లు
మే 15

కోడలా,

నాకు చదవడం రాదు గానీ లెక్కపెట్టడం వచ్చని మొదటి ఉత్తరంలోనే చెప్పాను. కవరులోంచి మూడు కాగితాలు వచ్చాయి. టైలరు ఒకటే చదివాడు. రెండోది జేబులో పెట్టుకుని, మూడోది కుట్టు మిషను సొరుగులో దాచి, గుడ్డ కొలుస్తున్నట్టు నటించాడు. అబద్ధం ఆడే మొహం కాదు వాడిది. ఆ పని చెయ్యాలంటే నాలాంటి మొహం ఉండాలి.

సొరుగు తీయించాను. చీటీ వాడు చదవాల్సి వచ్చింది. ఫొటో చదవడానికి నాకు ఎవరూ అక్కర్లేదు.

గోడౌను షట్టరు. దాని మీద మా ప్లేటు, నలభై ఒకటి. పక్కన నడుం మీద చేతులు పెట్టుకుని నేను. అప్పటికి జుట్టు ఇంకా నల్లగానే ఉంది. ఏడేళ్ళ కిందట నంబర్లు రాసుకోవడానికి వచ్చిన మనిషి "కొంచెం పక్కకి జరగండమ్మా, ప్లేటు తీసుకోవాలి" అన్నాడు. జరగలేదు. తీస్తే నాతో కలిపి తియ్యి అన్నాను.

నువ్వు దాచావు, మంచిదానివి. నేనూ దాచాను. ఇప్పుడు రాయిస్తున్నాను, టైలరు రాయనంటున్నాడు, రాస్తాడు.

ఆ ఏడాది రోడ్డు వెడల్పు చేస్తారని, నంబరు రాసుకున్న ఇంటికల్లా నోటీసు వస్తుందని వీధంతా గోల. ఎవడో సంచీ, కెమెరా వేసుకుని కింద నుంచి ఒక్కో నంబరూ రాసుకుంటూ ఎక్కి వస్తున్నాడని తెలిసింది. నేను గబగబా మా ప్లేటు ఊడబెరికి, పక్క సందులోంచి వాడి కంట పడకుండా కిందికి దిగి, గోడౌను షట్టరుకి బిగించేశాను. తర్వాత పైకి కేకేసి వాణ్ణి కిందికి రప్పించాను. నలభై ఒకటి కావాలా నాయనా, ఇదిగో, నేనే దీని యజమానిని అన్నాను. మంచినీళ్ళు అడిగాడు, ఇచ్చాను. నీళ్ళిచ్చి మరీ అబద్ధం చెప్పాను. వీధి వీధంతా నన్ను మెచ్చుకుంది. పండగ చేసుకున్నట్టు నవ్వుకున్నాం. రోడ్డూ లేదు, నోటీసూ లేదు. వాడు రోడ్డు మనిషే కాదని, మ్యాపులు గీసేవాడని ఇప్పుడు తెలిసింది, నీ వల్ల.

మీ మామయ్య మెట్ల మీద నిలబడి చూశారు. ఫొటోలో ఉన్నారు, నువ్వు చూశావో లేదో. నా భుజం వెనక, పన్నెండో మెట్టు మీద, చిన్నగా. నవ్వట్లేదు. ఆ సాయంత్రం "వెళ్ళి ప్లేటు తెచ్చుకుందాం" అన్నారు. రేపు అన్నాను. ఎన్నో సార్లు అడిగారు. రేపు, రేపు. తర్వాత అడగడం మానేశారు. చెప్పులు తొడుక్కోవడం మాత్రం మానలేదు.

ఇంకోటి దాచాను. డ్రైవరు "నలభై ఒకటి ముందే ఉన్నాం" అని ఊరుకోలేదు. "ప్లేటు కూడా కనపడుతోందమ్మా" అన్నాడు. ఆ మాట నీకు రాయించలేదు. ఆ ఫోను బీరువాలో ఎందుకు పడేశాననుకున్నావు?

మొదటి రోజు నుంచీ తెలుసు నాకు. తెలిసే నీకు కేసు పెట్టాను. మీ దగ్గర ఇంకో తప్పు ఏదైనా ఉంటుందని, ఎవడో నిద్రమత్తులో వేలు జార్చి ఉంటాడని, నువ్వు వెతికి నాకు ఒక పేరు ఇస్తావని. వాణ్ణి తిట్టుకుంటూ మిగిలిన రోజులు గడిపేద్దామనుకున్నాను.

ప్లేటు నేనే తెచ్చాను. మేకులు తుప్పు పట్టి ఉన్నాయి, రాలేదు. టైలరు సాయం వస్తానంటే వద్దన్నాను. ఒక గంట పట్టింది. పైకి ఎక్కుతూ ప్రతి మెట్టు దగ్గరా ఆగాను. ఆయన ఇన్నిసార్లు ఎలా ఎక్కారో.

ఇప్పుడు మీ కాగితంలో ఇలా రాసుకో. మెట్ల వీధి నలభై ఒకటో ఇల్లు పైన ఉంది. పై రోడ్డులో దిగితే ఐదడుగులు. నీలం తలుపు, ఎడమ వైపు కిటికీ, కిటికీలోంచి కుర్చీ కనపడుతుంది. ఎవరు చెప్పారు అనే చోట, ముందు అబద్ధం చెప్పిన మనిషే అని రాయి. మొహమాటపడకు.

అత్త


చిరునామాల విభాగం
మే 29

అత్తా,

తలుపూ ప్లేటూ కలిసి ఉన్న ఫొటో అందింది. నిన్న చుక్క మార్చాను. ఎవరు చెప్పారు అనే చోట నువ్వన్నట్టు రాసే గడి మా దగ్గర లేదు. "ఇంటివారు చెప్పినది, ఫొటో ఉంది" అని రాశాను.

నీ ఉత్తరం చదివాక నేను దాచింది నా దగ్గర ఉంచుకోవడానికి ముఖం చెల్లడం లేదు. రెండేళ్ళ కిందట మామయ్య నాకు ఫోను చేశాడు. "మా ఇంటి చుక్క కొంచెం పైకి జరపగలవా తల్లీ" అన్నాడు. ఎందుకు తప్పుగా ఉంది అని అడిగితే "ఏదో పొరపాటు" అన్నాడు. నీ పేరు ఎత్తలేదు. తలుపు మీద ప్లేటు ఉన్న ఫొటో పంపు మామయ్యా, అది లేకుండా ఏ చుక్కనీ కదపకూడదు, రూలు అన్నాను. "సరేలే, మెట్లు దిగడం నాకూ వ్యాయామమే" అని నవ్వి, నాన్న ఎలా ఉన్నాడని అడిగాడు.

నేను ఆ ఇంట్లో పెరిగినదాన్ని. ఆ తలుపు ఎక్కడుందో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ ఆఫీసులో లేరు. సెలవు రోజున వచ్చి నేనే ఫొటో తీసి ఉండొచ్చు. పై అధికారికి చెప్పి ఉండొచ్చు. బల్ల మీద ఇంకా నలభై ఉన్నాయి, తర్వాత చూద్దాం అనుకున్నాను.

నీది రేపు. నాది తర్వాత.

తిట్టు అత్తా. నాకు ఉత్తరం రాయించి తిట్టు.

నీ కోడలు


పై ఇల్లు
జూన్ 17

అమ్మాయీ,

నిన్ను తిట్టడానికి టైలర్ని మూడు సార్లు పిలిచాను. మూడు సార్లూ కలం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. తిట్టు రాలేదు. అరవై ఏళ్ళలో నాకు మాట రాకపోవడం ఇదే మొదటిసారి. వాడు భయపడి డాక్టర్ని పిలవనా అన్నాడు.

ఆయన నీకు ఫోను చేశారని నాకు తెలియదు. నా పేరు బయటికి రాకుండా నా తప్పు సర్దాలని చూశారు. నీ దగ్గర కూడా నన్ను కాపాడారు. అది విన్నాక రెండు రోజులు వంట చెయ్యలేదు. మూడో రోజు చేశాను. నువ్వు కూడా తిను. ఆయన ఉంటే మనిద్దరికీ అదే చెప్పేవారు, ఇంకేమీ అనేవారు కాదు. అదే కదా బాధ.

ఇక కేసు సంగతి. నిన్న ఉదయం తలుపు చప్పుడైంది. ఈ ఇంటికి తలుపు కొట్టి వచ్చేవాళ్ళు ఎవరూ లేరు, అందరూ కేకేసుకుంటూ వస్తారు. తీస్తే ఒకడు నిలబడి ఉన్నాడు. పై రోడ్డు మీద బండి, చేతిలో పొట్లం. రొప్పడం లేదు, చెమట లేదు. ఐదడుగులు నడిచాడంతే. ఆయన మాత్రలు. ఆపమని ఎవరూ చెప్పలేదు గనక వస్తూనే ఉన్నాయట. ఇన్ని నెలలూ కింద గోడౌను దగ్గరికి వచ్చి, ఫోను చేసి, ఎవరూ ఎత్తక తిరిగి పట్టుకుపోయాడట. "ఇప్పుడు మ్యాపు ఇటు చూపించిందమ్మా" అన్నాడు.

తర్వాత ప్లేటు వైపు చూసి, పొట్లం మీద రాసినది చూసి, నన్ను అడిగాడు: "నలభై ఒకటి ఇదేనా అమ్మా?"

ఏడేళ్ళ కిందట అడిగినవాడి గొంతులాగే ఉంది. మంచినీళ్ళు కావాలా నాయనా అని అడిగాను. వద్దన్నాడు.

ఇదే అని చెప్పాను.

మీ అత్త